శ్రీకాళహస్తి కలంకారీ రంగుల్ని గింప్, ఇంక్‌స్కేప్‌లోకి తెచ్చుకోవడం ఎలా?

మా చెల్లి పెళ్లి శుభలేఖ నేనే డిజైన్ చేశాను. మా ఇంట్లో పాత శ్రీకాళహస్తి కలంకారీ దుపట్టా ఒకటుంది, శుభలేఖ అచ్చం ఆ రంగుల్లోనే ఉండాలని తను పట్టుబట్టింది. దుపట్టాని ఫోటో తీసి, కలర్ పికర్‌తో (ఫోటోలో నొక్కిన చోటి రంగుని పట్టిచ్చే పనిముట్టు) ఒక్కో బొమ్మకి ఒక్కోసారి రంగు పట్టుకుంటూ రెండు రాత్రులు కూర్చున్నాను. తీరా చూస్తే కార్డు మీద ఎరుపు ఒకలా, కవరు మీద ఎరుపు ఇంకోలా ఉంది. ప్యాలెట్ ఒకటి తయారు చేసుకుని సాఫ్ట్‌వేర్లోకి దింపుకుంటే ఈ బాధే ఉండదు. ఫోటోలు సరిదిద్దే గింప్, బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ రెండూ ఉచిత సాఫ్ట్‌వేర్లే కాబట్టి వాటితోనే చెబుతున్నాను, ఫొటోషాప్ సంగతి చివర్లో చూద్దాం.

ముందు ఒక తేడా తెలుసుకోండి. ప్యాలెట్ అంటే విడివిడి రంగుల పెట్టె. గ్రేడియంట్ అంటే ఒక రంగు మెల్లగా ఇంకో రంగులోకి కరిగిపోయే పట్టీ. రెండిటి ఫైళ్లు వేరు, పెట్టే ఫోల్డర్లూ వేరు. గింప్ ప్యాలెట్ ఫైలు చివర డాట్ జీపీఎల్ అని, గ్రేడియంట్ ఫైలు చివర డాట్ జీజీఆర్ అని ఉంటుంది. డౌన్‌లోడ్ చేసింది కనిపించట్లేదని టెన్షన్ పడేవాళ్లలో చాలామంది ఒకదాన్ని తీసుకెళ్లి ఇంకోదాని ఫోల్డర్లో పెట్టినవాళ్లే.

ఫోటో నుంచి ప్యాలెట్

బట్టని కిటికీ పక్కన, పగటి వెలుతురులో, ముడతలు లేకుండా పరిచి ఫోటో తీయండి. ఫ్లాష్ వద్దు, ట్యూబ్‌లైటూ వద్దు. కలంకారీలో రంగులు తక్కువే ఉంటాయి: కరక్కాయలో నానబెట్టిన బట్ట మీద బెల్లం, ఇనుము కలిపి పులియబెట్టిన నలుపు, పటిక పూసిన చోట పట్టే ఎరుపు, పసుపు పచ్చ, నీలిమందు నీలం, వీటి వెనకాల బట్ట సొంత రంగు. అందుకే ఆరు నుంచి ఎనిమిది రంగులు సరిపోతాయి. ఫోటోని ఉన్నదున్నట్టు గింప్‌కి ఇస్తే మాత్రం మామూలుగా 256 రంగులు లాగుతుంది, అందులో సగం నీడలూ ముడతలూ.

కాబట్టి ఇలా చేయండి. గింప్‌లో ఫోటో తెరిచి, బాగా రంగులున్న భాగం మాత్రం ఉంచి క్రాప్ చేయండి. పైన ఇమేజ్ మెనూలో మోడ్, అందులో ఇండెక్స్‌డ్. గరిష్ఠ రంగుల సంఖ్య దగ్గర 8 వేసి కన్వర్ట్ నొక్కండి. ఫోటో పాత పోస్టర్‌లా మారిపోతుంది, కంగారు పడకండి, మనకు కావాల్సింది అదే. ఇప్పుడు విండోస్ మెనూలో డాకబుల్ డైలాగ్స్, అందులో ప్యాలెట్స్. ఆ జాబితాలో ఎక్కడైనా రైట్ క్లిక్ చేసి ఇంపోర్ట్ ప్యాలెట్ ఎంచుకుని, సోర్స్ దగ్గర ఇమేజ్ పెట్టి మీ ఫోటోని చూపించండి. ఇంగ్లీషు అక్షరాల్లో చిన్న పేరొకటి పెట్టి ఇంపోర్ట్ నొక్కితే ఎనిమిది రంగులూ వరసగా వచ్చి కూర్చుంటాయి. మీ దగ్గర ఫోటో కాకుండా డౌన్‌లోడ్ చేసిన ప్యాలెట్ ఫైలుంటే, అదే చోట సోర్స్‌గా ప్యాలెట్ ఫైల్ ఎంచుకోండి.

ప్యాలెట్ మీద డబుల్ క్లిక్ చేస్తే ఎడిటర్ తెరుచుకుంటుంది. పనికిరాని బూడిద నీడ ఏదైనా ఉంటే అక్కడే తీసేయండి, మిగిలిన రంగులకి పేర్లు పెట్టండి. ఈ పేర్ల దగ్గర బద్ధకించొద్దని గట్టిగా చెబుతాను, ఎందుకంటే నెల తర్వాత ఆ ఫైలు తెరిచినప్పుడు రెండు ఎరుపుల్లో అంచుకి వాడింది ఏదో గుర్తుండదు.

ఈ ఫైలు లోపల ఉండేది మామూలు టెక్స్టే. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొదటి లైన్లో ఇంగ్లీషులో గింప్ ప్యాలెట్ అని ఉంటుంది, దాన్ని కదపకూడదు. కింద ఒక్కో రంగుకి ఒక్కో లైను: 166 60 45 ఇటుక ఎరుపు, ఇలాగ. మూడు అంకెలూ వరసగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు, 0 నుంచి 255 లోపు. రంగు పేరు తెలుగులోనే రాసుకోవచ్చు, కానీ సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఉండాలి.

ఇంక్‌స్కేప్‌లోకి

గింప్‌ని ఒకసారి మూసేయండి, ఫైలు డిస్క్ మీద సేవ్ అవుతుంది. మళ్లీ తెరిచి ఎడిట్, ప్రిఫరెన్సెస్, ఫోల్డర్స్, ప్యాలెట్స్ దగ్గరకెళ్తే ఆ ఫోల్డర్ ఎక్కడుందో కనిపిస్తుంది. అక్కడి నుంచి మీ ఫైలు కాపీ చేసుకోండి. ఇంక్‌స్కేప్‌లో ఎడిట్, ప్రిఫరెన్సెస్, సిస్టమ్ పేజీలో యూజర్ ప్యాలెట్స్ అని ఇంకో ఫోల్డర్ ఉంటుంది, అందులో పేస్ట్ చేయండి. ఇంక్‌స్కేప్ మూసి మళ్లీ తెరవాలి, లేకపోతే కనిపించదు. కింద రంగుల పట్టీ ఉంటుంది కదా, దాని కుడి చివరనున్న చిన్న బటన్ నొక్కి మీ ప్యాలెట్ పేరు ఎంచుకుంటే సరి.

గ్రేడియంట్ సంగతి

గింప్‌లో ప్యాలెట్ మీద రైట్ క్లిక్ చేస్తే ప్యాలెట్ టు గ్రేడియంట్ అని ఉంటుంది. ఒక్క నొక్కుతో ఆ రంగులతో గ్రేడియంట్ తయారై గ్రేడియంట్స్ జాబితాలో చేరుతుంది. వరస బాగోకపోతే అదే మెనూలో సార్ట్ ప్యాలెట్ ఉంది. బయట నుంచి తెచ్చుకున్న డాట్ జీజీఆర్ ఫైలైతే ప్రిఫరెన్సెస్‌లో కనిపించే గ్రేడియంట్స్ ఫోల్డర్లో పెట్టి, జాబితాలో రిఫ్రెష్ నొక్కండి. ఆ ఫైలు క్రిటా అనే బొమ్మలేసే సాఫ్ట్‌వేర్లో కూడా పనిచేస్తుంది.

ఇంక్‌స్కేప్‌లో గ్రేడియంట్ ఆ డాక్యుమెంట్‌లోనే ఉంటుంది. ఇంకో ఫైల్లో కావాలంటే ఆ గ్రేడియంట్ ఉన్న బొమ్మని కాపీ చేసి, కొత్త ఫైల్లో మీ బొమ్మని ఎంచుకుని కంట్రోల్, షిఫ్ట్, వీ కలిపి నొక్కండి, ఆకారం రాకుండా దాని రంగు, అంచు గీత లాంటి స్టైల్ మాత్రమే అంటుకుంటుంది. నీలిమందు నీలం నుంచి పసుపు పచ్చకి నేరుగా గ్రేడియంట్ వేస్తే మధ్యలో మురికి బూడిద రంగు వస్తుంది. మధ్యలో బట్ట మీగడ రంగుని ఒక స్టాప్‌గా (గ్రేడియంట్‌లో రంగు పెట్టే చుక్క) పెట్టండి, వెంటనే తేటపడుతుంది. మా శుభలేఖ అంచు అలాగే కుదిరింది.

ఫొటోషాప్ వాడేవాళ్లు విండో మెనూలో గ్రేడియంట్స్ ప్యానెల్ తెరిచి, దాని మెనూలో ఇంపోర్ట్ గ్రేడియంట్స్ ద్వారా డాట్ జీఆర్‌డీ ఫైలు తెచ్చుకోవాలి. విడి రంగులకి స్వాచెస్ ప్యానెల్లో ఇంపోర్ట్ స్వాచెస్, దానికి డాట్ ఏసీఓ, డాట్ ఏఎస్ఈ పనికొస్తాయి. ఏఎస్ఈ ఫైల్లో గ్రేడియంట్లు ఉండవు, ఎంత వెతికినా దొరకవు.

అన్నీ సరిగ్గా చేసినా రాలేదా? ఫైలు పేరు చివర చూడండి. విండోస్ చివరి అక్షరాల్ని దాచిపెడుతుంది కాబట్టి మీ ఫైలు నిజానికి డాట్ జీపీఎల్ డాట్ టీఎక్స్‌టీ అయి ఉండొచ్చు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకెళ్లి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ చూపించమని పెట్టి, ఆ తోక కత్తిరించండి. అదీ కాకపోతే నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మొదటి లైన్లో గింప్ ప్యాలెట్ అనే మాటకి బదులు వెబ్ పేజీ కోడ్ కనిపిస్తే, మీరు సేవ్ చేసింది ప్యాలెట్‌ని కాదు, అది ఉన్న పేజీని. వెనక్కి వెళ్లి అసలు ఫైలు దించుకోండి.

ప్రింట్‌కి ఇచ్చేవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. ఈ ప్యాలెట్ స్క్రీన్ రంగులది, ప్రెస్సులో వాడే నాలుగు ఇంకుల్లో నీలం ఊదాకి తిరిగే ప్రమాదం ఎక్కువ. ఎనిమిది రంగుల గళ్లు, కింద వాటి పేర్లు, పక్కన ఒక గ్రేడియంట్ పట్టీ పెట్టి ఒక్క కాగితం ముందు ప్రింట్ తీయించండి. దాన్ని దుపట్టా పక్కన పగటి వెలుతురులో పెట్టి చూసి, తేడా ఉన్న రంగు అంకెలు ప్యాలెట్ ఫైల్లోనే సరిచేసుకుని, ఆ తర్వాతే మొత్తం కార్డులకి ఆర్డర్ ఇవ్వండి.