ఓడ రేవులో ఆగిన పూట పిలకాయలతో ఏం చేయాలి, ఎలా చేయాలి?

చెన్నైలో ఓడెక్కి శ్రీలంక వైపో, సింగపూర్ దాకా విమానంలో పోయి అక్కణ్ణించి మలేషియాలోని పెనాంగ్, థాయిలాండ్‌లోని ఫుకెట్ వైపో క్రూయిజ్‌కు పోయే కుటుంబాలు నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఉన్నాయి. ఓడ మీద ఉన్నంతసేపు ఎవరికీ ఇబ్బంది లేదు. చెడేదంతా రేవులో దిగిన ఆ ఆరేడు గంటల్లోనే. డబ్బు పోశాం కదా అని కాళ్ళకు బలపాలు కట్టుకుని నాలుగు చోట్లు తిప్పుతారు. మూడో చోటికి వచ్చేసరికి చిన్నది టాక్సీలో కక్కుకుంటుంది, పెద్దవాడు ఎత్తుకోమని రోడ్డు మీద కూలబడతాడు. ఆరేళ్ళలోపు పిలకాయలుంటే ఒక రేవుకు ఒకటే చోటు. రెండోది పెట్టుకోవద్దు.

సంచి సంగతి తొందరగా తేల్చేద్దాం. మనిషికో సీసా నీళ్ళు, పిల్లకు రెండు జతల బట్టలు, డైపర్లు, తడి తుడుపుకాగితాలు, టోపీలు, పాత లుంగీ ఒకటి (పరుచుకోవడానికి, తుడవడానికి, అడ్డం పట్టి బట్టలు మార్చడానికి అదే), సీలు విప్పని బిస్కెట్లు. ఓడలోంచి పండ్లు, వండిన తిండి దించొద్దు. చాలా రేవుల్లో ఒప్పుకోరు, గేటు దగ్గర పారబోయిస్తారు. ఓడ కార్డులు, పాస్‌పోర్టు నకళ్ళు పెద్దవాళ్ళ ఒంటి మీదే ఉండాలి, సంచిలో కాదు. స్ట్రోలర్ (పిల్లల తోపుడుబండి) ఒంటిచేత్తో మడిచేది అయితేనే తీసుకుపోండి. రొట్టెల పండుగకు పోయేటప్పుడు పిల్లల చేతి మీద ఫోన్ నంబరు రాస్తారే, ఇక్కడా అంతే. ప్లస్ 91 చేర్చి మీ నంబరు, దాని కింద ఓడ పేరు రాయండి.

చోటు ఎంచుకునేటప్పుడు రేవు గేటు నుంచి అరగంట దాటితే వదిలేయండి. శ్రీలంకలోని ట్రింకోమలి రేవులో దిగి సిగిరియా రాతికొండ ఎక్కిద్దామనే వాళ్ళుంటారు. పోయిరావడానికే దాదాపు నాలుగు గంటలు, ఆపైన సుమారు 1200 మెట్లు, అదీ చంకలో పిల్లతో. అక్కడే ఊళ్ళో ఫ్రెడరిక్ కోట ఉంది. కోటలో జింకలు మనుషుల మధ్యే తిరుగుతుంటాయి, మూడేళ్ళ పిల్లకు గంటసేపు అవే చాలు. కోట లోపలే కొండ కొమ్మున కోణేశ్వరం గుడి. చెప్పులు విప్పాలి కాబట్టి పిల్లలకు మేజోళ్ళు తొడగండి, ఎండలో బండ కాలిపోతుంది. పెనాంగ్‌లో స్వెట్టెన్‌హామ్ రేవు దిగితే కార్న్‌వాలిస్ కోట, దాని పక్క పెద్ద మైదానం నడిచే దూరమే. ఇంకొంచెం పోతే లిటిల్ ఇండియా, క్వీన్ స్ట్రీట్‌లో 1833 నాటి మారియమ్మ గుడి. ఇడ్లీ దొరుకుతుంది, పిల్లల పేచీ తీరిపోతుంది. పెనాంగ్ కొండ రైలు బాగుంటుంది గానీ దాని వరుసలో నిలబడటం పిలకాయల వల్ల కాదు. ఫుకెట్‌లో పటాంగ్ బీచ్ ఇసుక మంచిదే, కానీ మే నుంచి అక్టోబరు దాకా అలలు మోటుగా ఉంటాయి. ఎర్రజెండా కనబడితే కాళ్ళు తడుపుకోవడంతో సరిపెట్టండి.

ఓడవాళ్ళు అమ్మే బస్సు టూర్లు చిన్నపిల్లలకు పనికిరావు. నలభైమంది ఎక్కేదాకా కూర్చోవాలి, పిల్లకు అవసరమైన చోట బస్సు ఆగదు. ఒక్క మేలుంది. ఆ బస్సు ఆలస్యమైతే ఓడ దానికోసం ఆగుతుంది. మీ టాక్సీ కోసం ఆగదు.

దిగే పొద్దున ఓడలోనే కడుపునిండా తినిపించి, బాత్‌రూమ్‌కు పంపి, మొదటి తోపులాట సద్దుమణిగాక దిగండి. ఆ మాత్రానికి ఏమీ పోదు.

ఇక అసలు పని, అందరూ బోల్తా పడేది: తిరిగి వచ్చే లెక్క. ఓడలో రోజూ ఇచ్చే కాగితం మీద రెండు సమయాలుంటాయి, ఓడ కదిలేది, అందరూ ఎక్కేసి ఉండాల్సింది. మీకు కావలసింది రెండోది. దాన్నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. పొద్దున్నించి ముందుకు లెక్కపెడితే ఎప్పుడూ తప్పుతుంది.

ఎక్కాల్సింది 4:30కి అనుకోండి. పిల్లలున్నారు కాబట్టి గంట ముందు, 3:30కి రేవు గేటులో ఉండాలి. ఫోన్లో మ్యాపు ఇరవై నిమిషాలు చూపిస్తే నలభై వేసుకోండి, అంటే 2:50కి టాక్సీ కదలాలి. 'ఇక పోదాం పదండి' అన్న దగ్గర్నించి టాక్సీ తలుపు మూసేదాకా పట్టే సమయం కూడా తీసేయాలి. దీన్ని ఎవరూ లెక్కలో వేయరు. ఇసుక కడగాలి, బట్టలు మార్చాలి, ఒక చెప్పు వెతకాలి. ఇంటింటికీ ఇది మారుతుంది కాబట్టి ఊళ్ళోనే కొలిచి పెట్టుకోండి. ప్రయాణానికి ముందు ఒక ఆదివారం అదే సంచితో మైపాడు బీచ్‌కు పోండి, ఒంగోలు వాళ్ళయితే కొత్తపట్నం. గడియారం పెట్టి చూడండి. ఇద్దరు పిల్లలుంటే నలభై నిమిషాలు వచ్చినా ఆశ్చర్యం లేదు. నలభై అయితే ఆట 2:10కి ఆగిపోవాలి. పొద్దున తొమ్మిదికి దిగితే చేతిలో ఉన్నది ఐదు గంటలే, అందులో పోయే దారి, తిండి, కునుకు పోను మిగిలేది మూడు. ఒకటే చోటు అన్నది అందుకే.

ఇందులో ఇంకో ముడి ఉంది. ఏ గడియారం ప్రకారం 2:10? శ్రీలంకలో మన టైమే, చిక్కు లేదు. పెనాంగ్‌లోనూ సింగపూర్ టైమే. థాయిలాండ్ మాత్రం సింగపూర్‌కు గంట వెనక. ఓడ సింగపూర్ టైమే పాటిస్తుంటే, ఫుకెట్‌లో దిగగానే ఫోన్ తనంతట తాను గంట వెనక్కి పోతుంది. ఫోన్లో 2:10 అయ్యేసరికి ఓడలో 3:10. మీరు వేసుకున్న గంట గడువు అక్కడే కరిగిపోయింది. ముళ్ళ గడియారం ఒకటి ఓడలోనే ఓడ టైముకు తిప్పి చేతికి కట్టుకోండి, ఒడ్డున ఉన్నంతసేపు ఫోన్ టైము చూడొద్దు. ఫోన్లో ఆటోమేటిక్ టైము తీసేసినా సరిపోతుందంటారు. గడియారమే నయం, ఛార్జింగ్ అయిపోదు.

పటాంగ్ దగ్గర చాలా ఓడలు సముద్రంలోనే లంగరు వేసి టెండర్ బోట్లలో జనాన్ని దించుతాయి. అప్పుడు లెక్క చివరి టెండర్ బయల్దేరే సమయం నుంచి మొదలుపెట్టాలి. చివరి రెండు టెండర్లకు వరుస పొడుగ్గా ఉంటుంది, నీడ ఉండకపోవచ్చు. వాటికి ఒక గంట ముందుదే మీది. బోటు ఊగుతున్నప్పుడు పిల్లల్ని పడవవాడి చేతికి అందించండి, స్ట్రోలర్ ముందే మడిచి ఉండాలి.

ఓడలో రోజూ ఇచ్చే ఆ కాగితం మీదే పోర్ట్ ఏజెంటు (రేవులో ఓడ తరఫున పనులు చూసే మనిషి) నంబరు ఉంటుంది. దిగకముందే ఫొటో తీసి పెట్టుకోండి. ఓడ తప్పిపోతే మొదట ఫోన్ చేయాల్సింది ఆయనకే.

ముందురోజు పిల్లకు ఒళ్ళు వెచ్చబడితే, నిద్ర చాలకపోతే అసలు దిగొద్దు. అందరూ ఒడ్డుకు పోయిన పూట ఓడలో ఆటగది, కొలను ఖాళీగా ఉంటాయి. డైపర్ వేసే పిల్లల్ని మాత్రం చాలా ఓడల్లో కొలనులోకి రానివ్వరు, ముందే అడగండి.