పొట్ట గోడ: ఏ పొర ఎక్కడుంది, ఎక్కడ లేదు

ఒంగోలులో పొగాకు బేళ్లు దించేవాళ్లు, నెల్లూరు రైస్‌మిల్లుల్లో బస్తాలు మోసేవాళ్లు గజ్జల్లో ఉబ్బు కనపడగానే ‘పేగు జారింది’ అంటారు. పేగే కావచ్చు, కానీ అది ఎక్కడ పడితే అక్కడ జారదు. పొట్ట గోడలో పొరలు తగ్గినచోట, లేదా లోపలి నుంచి ఏదో ఒకటి బయటికి దారి చేసుకున్నచోటే ఈ ఉబ్బు, అంటే హెర్నియా, వస్తుంది. నర్సింగ్, ఫిజియోథెరపీ చదివే పిల్లలు బొమ్మ చూసి బట్టీ పట్టే బదులు ఈ చోట్లను తమ పొట్ట మీదే వెతుక్కోవడం మేలు. పావుగంట పని. తిన్న వెంటనే వద్దు. ముందు మూత్రానికి వెళ్లి రండి. ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు చేయొద్దు.

చాప మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. తల, భుజాలు కొంచెం లేపండి. రొమ్ము కింద నుంచి ప్యూబిక్ ఎముక (పొత్తికడుపు అడుగున తగిలే ఎముక) దాకా నిలువుగా రెండు పట్టీలు బిగుస్తాయి. ఇవే రెక్టస్ కండరాలు. పైన 5, 6, 7 పక్కటెముకల మృదులాస్థులకు అతుక్కుని ఉంటాయి. సన్నటివాళ్లలో వీటి మీద అడ్డంగా మామూలుగా మూడు గాళ్లు, అంటే లోతు గీతలు, కనపడతాయి. బొడ్డు దగ్గరొకటి, రొమ్ము ఎముక కొస దగ్గరొకటి, ఆ రెంటి మధ్య ఇంకొకటి. ‘సిక్స్ ప్యాక్’ అనేది వీటి చలవే. జిమ్‌కి వెళ్తే గాళ్లు తేటపడతాయి తప్ప కొత్తవి పుట్టవు.

తల అలాగే లేపి ఉంచి, బొడ్డుకు కాస్త పైన వేళ్లను రెండు పట్టీల మధ్య దింపండి. తగిలేది కండరం కాదు, ఇరువైపుల పొరలు వచ్చి అల్లుకున్న తెల్లటి నార, లీనియా ఆల్బా. రెండు వేళ్లకు మించి సందుంటే పట్టీలు ఎడంగా జరిగాయని అర్థం. కాన్పయిన వాళ్లలో ఇది మామూలే. తల లేపినప్పుడు నడిమధ్యలో ఉబ్బు గట్టులా లేస్తుంది. దాన్ని హెర్నియా అనుకుని కంగారుపడేవాళ్లు చాలామంది. నార సాగిందంతే, కన్నం పడలేదు.

ఇక డొక్కలు. ఇక్కడ మూడు పొరలున్నాయి. నిక్కరు జేబుల్లో చేతులు పెడితే వేళ్లు ఏ వాలున దిగుతాయో, పైపొర ఎక్స్‌టర్నల్ ఆబ్లిక్ పోగులదీ అదే వాలు. దాని కింద ఇంటర్నల్ ఆబ్లిక్, సరిగ్గా ఎదురు వాలు. అన్నిటికన్నా లోపల ట్రాన్స్‌వర్సస్, మొలతాడులా అడ్డంగా చుట్టుకుంటుంది. దిక్కులు వేరు కాబట్టే గోడకు ఆ పట్టు. ట్రాన్స్‌వర్సస్‌ను పట్టుకోవాలంటే తుంటి ఎముక ముందు కొస నుంచి రెండు వేళ్లు లోపలికి, కాస్త కిందికి పెట్టి, ఊపిరి వదులుతూ బొడ్డును మెల్లగా వెన్ను వైపు లాగండి. వేళ్ల కింద నెమ్మదిగా బిగిస్తే అదే. వేళ్లను బయటికి తోసేస్తే ఎక్కువ బలం పెట్టారు, పైపొరలు కూడా లేచాయి. పొట్ట గోడకు వచ్చే నరాలు ఆఖరి రెండు పొరల మధ్యే నడుస్తాయి. ఆపరేషన్ తర్వాత నొప్పి తగ్గేందుకు మత్తు డాక్టర్లు అల్ట్రాసౌండ్‌లో చూసి మందు వదిలేదీ ఆ సందులోనే.

ఈ మూడూ ముందుకొచ్చి పలచటి పొరలై రెక్టస్‌కు ముందూ వెనకా తొడుగవుతాయి. బొడ్డుకూ ప్యూబిక్ ఎముకకూ దాదాపు సగంలో ఆర్క్యుయేట్ గీత వస్తుంది. అక్కడి నుంచి కిందికి పొరలన్నీ ముందుకే పోతాయి, వెనక గట్టి తొడుగుండదు. ఈ గీత రెక్టస్ బయటి అంచును తాకే చోట స్పైజీలియన్ హెర్నియా వస్తుంది. ఎక్స్‌టర్నల్ ఆబ్లిక్ కిందే దాక్కుంటుంది గనుక చేతికి అందకపోవచ్చు, అల్ట్రాసౌండో సీటీ స్కానో కావాలి.

గజ్జల దగ్గరికి వచ్చేసరికి లేచి నిలబడండి. తుంటి ముందు కొస నుంచి ప్యూబిక్ ఎముక మీది బుడిపె దాకా ఏటవాలుగా ఉన్నది ఇంగ్వైనల్ లిగమెంట్. దాని మధ్యకు ఒకటింపావు సెంటీమీటరు పైన గజ్జల్లోని దారికి లోపలి ద్వారం. అక్కడి నుంచి సుమారు 4 సెంటీమీటర్ల దారి బుడిపె దగ్గరి బయటి ద్వారానికి చేరుతుంది. మగవాళ్లలో బీజాలకు వెళ్లే తాడు ఇందులోంచే వెళ్తుంది. వేళ్లు అక్కడ పెట్టి దగ్గండి. తాకి వెనక్కి పోయే తోపు ఉంటే సర్జన్‌కు చూపించాలి. ఉబ్బు బుడిపెకు పైన ఉంటే ఇంగ్వైనల్ (గజ్జల) హెర్నియా, కిందా బయటి వైపూ ఉంటే ఫెమొరల్ (తొడ మొదటి) హెర్నియా అనుకోవచ్చు. రెండోది ఆడవాళ్లలో ఎక్కువ, చిన్నగా ఉన్నా ఇరుక్కునే ప్రమాదం దానికే ఎక్కువ.

బస్తా ఎత్తాక వచ్చిన నొప్పికి గ్యాస్ బిళ్ల మింగడం మన దగ్గర అలవాటు. దానికన్నా పడుకుని, నొప్పి చోట వేలితో నొక్కి పట్టి తల లేపండి. నొప్పి పెరిగినా, అలాగే ఉన్నా గోడలోదే కావచ్చు. తగ్గితే లోపలి అవయవానిది కావచ్చు.

ఉబ్బు గట్టిపడి లోపలికి పోకపోయినా, నొప్పితో వాంతులైనా, గ్యాస్ పోవడం ఆగినా బలంగా నొక్కొద్దు, తైలం రాయొద్దు, మొలతాడు బిగించొద్దు. 108కి ఫోన్ చేసి ఒంగోలో నెల్లూరో పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. దారిలో మంచినీళ్లు కూడా పట్టొద్దు, వెంటనే ఆపరేషన్ పడొచ్చు.