సి4తో మొదలయ్యే ఆట: టోర్నీలో ఇంగ్లిష్ ఓపెనింగ్

వరంగల్, హన్మకొండ చెస్ టోర్నీల్లో చిన్నపిల్లలు కూడా ఇ4కు (రాజు ముందు బంటును రెండు గడులు తోసే ఎత్తు; అక్షరం నిలువు వరుస, అంకె అడ్డు వరుస, గడి పేరొక్కటే చెబితే అది బంటు ఎత్తు) పది పన్నెండు ఎత్తులు కంఠతా పట్టి వస్తారు. 2024 డిసెంబరు ప్రపంచ రేటింగ్ లిస్టులో 2801 అందుకున్న గ్రాండ్‌మాస్టర్ అర్జున్ ఎరిగైసి ఊరు మరి! వాళ్లను మూడో ఎత్తు నుంచే సొంతంగా ఆలోచింపజేయాలంటే తెల్లపావులతో సి4 ఆడండి. ఇందులో ఎత్తుల కన్నా వాటి వరుసే ముఖ్యం.

నలుపు ఇ5 ఆడితే ముందు సి3కి గుర్రం తీయాలి. అలవాటుకొద్దీ ఎఫ్3 గుర్రం ముందు తీస్తే, నలుపు బంటు ఇ4కు దూకి దాన్ని తరుముతుంది. ఆట పోదు గానీ, మీ గుర్రం డి4కు పోయి ఆట మీకు తెలియని దారి పడుతుంది. సి3 గుర్రం ముందే వస్తే ఇ4 మీద కన్ను ఉంటుంది. ఎఫ్6, ఎఫ్3, సి6 గుర్రాలు బయటికొచ్చాక జి3 ఆడండి. నలుపు డి5 అంటే సి బంటుతో కొట్టండి, గుర్రంతో తిరిగి కొడుతుంది. బిషప్ జి2కు రాగానే ఆ గుర్రం సాధారణంగా బి6కు తగ్గుతుంది.

అసలు ఆట ఇక్కడే. కాస్లింగ్ చేసి (రాజును ఏనుగు వైపు రెండు గడులు జరిపి, ఏనుగును రాజుకు అవతల పెట్టి), ఎ3, తర్వాత బి4. బి5 దాకా తోస్తే సి6 గుర్రం కదలాలి, అది కదిలితే ఇ5 బంటుకు కాపలా పోతుంది. అందుకే దానికి కాపలాగా నలుపు ఎఫ్6కు బంటు తోస్తుంది. తొందరపడి బి5 తోయకండి. ముందు ఏనుగును బి1కు జరిపి, డి3 ఆడండి. తర్వాత సి3 గుర్రాన్ని ఇ4 మీదుగా సి5కు పంపే దారి చూడండి. సి వరుస సగం తెరిచి ఉంటుంది (అందులో మీ బంటు ఉండదు), అక్కడ పెట్టిన గుర్రాన్ని కదిలించడం నలుపుకు కష్టం.

డి5 బదులు నలుపు బిషప్ బి4కు వస్తే సి3 గుర్రాన్ని కొట్టి, మీ బంట్లు రెండూ సి వరుసలోనే ఒకదాని వెనక ఒకటి (జోడు బంట్లు) పడేలా చేయాలని చూస్తోందన్నమాట. వెంటనే ఆ గుర్రాన్ని డి5కు వేయండి.

నలుపు జి6, జి7 బిషప్, డి6 పెట్టుకుంటే ఇ4, డి3, జి2 బిషప్ కట్టు బాగుంటుంది. అప్పుడు రెండో గుర్రం ఎఫ్3కు కాదు, ఇ2కు. లేదంటే ఎఫ్ బంటుకు దారి మూసుకుంటుంది. డి4 గడి మాత్రం ఖాళీ పడుతుంది. నలుపు గుర్రం అక్కడ తిష్ఠ వేయకుండా చూడాలి.

నలుపు మొదటే ఇ6 ఆడితే ఆట క్వీన్స్ గాంబిట్‌లోకి (డి4, సి4 రెండూ తోసే మరో ఓపెనింగ్) జారొచ్చు. అది ఇష్టం లేకపోతే డి4 తోయకుండా ఎఫ్3 గుర్రం, బి3, జి3 పెట్టండి. 1987లో స్పెయిన్‌లోని సెవిల్లేలో ప్రపంచ చాంపియన్‌షిప్ పోరులో కార్పోవ్ మీద చివరిదైన 24వ గేమ్ తప్పక గెలవాల్సి వచ్చినప్పుడు అప్పటి చాంపియన్ కాస్పరోవ్ మొదలుపెట్టింది ఇలాగే. గెలిచి 12–12తో టైటిల్ నిలుపుకున్నాడు.