కొత్త కెర్నెల్‌తో బూట్ చేశాక ఎస్‌ఎస్‌హెచ్ ప్రాంప్ట్ రాకపోతే

విజయనగరంలోని సర్వరుకు సొంతంగా బిల్డ్ చేసిన లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లోని కీలక భాగం) ఎక్కించి, శ్రీకాకుళంలోని ఇంటి నుంచి ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటరులోకి భద్రంగా ప్రవేశించే సాధనం) ద్వారా లాగిన్ కాబోతే, పాస్‌వర్డు అంగీకరించిన తరువాత ‘పీటీవై అలొకేషన్ రిక్వెస్ట్ ఫెయిల్డ్ ఆన్ చానెల్ 0’ అన్న వరుస వచ్చి అక్కడే నిలిచిపోయింది. పీటీవై అంటే లాగిన్ అయినవారికి కెర్నెల్ కల్పించే నకిలీ టెర్మినల్. ఆ వరుస కనిపించిందంటే నెట్‌వర్కునూ ఫైర్‌వాలునూ అనుమానించనక్కరలేదు. ఎస్‌ఎస్‌హెచ్ ఆదేశం చివర ‘యూనేమ్ -ఆర్’ (కెర్నెల్ వెర్షన్ చూపే ఆదేశం) చేర్చి పంపితే, దానికి టెర్మినల్ అవసరం లేదు కనుక జవాబు వస్తుంది. లోపం పీటీవై దగ్గరేనని తేలిపోతుంది.

ముందుగా ‘/డెవ్/పీటీఎస్’ వద్ద డెవ్‌పీటీఎస్ (పీటీవైల కోసం ఉండే ప్రత్యేక ఫైల్‌సిస్టమ్) మౌంట్ అయిందో, అంటే అక్కడ జోడించి ఉందో లేదో చూసి, కాకపోతే రూట్ అధికారంతో మౌంట్ చేయండి. ఆ ఫైల్‌సిస్టమ్ ఏమిటో తెలియదని కెర్నెలే చెబితే, కెర్నెల్ బిల్డ్ కాన్ఫిగరేషన్‌లో యూనిక్స్98 పీటీవై ఎంపిక పోయిందన్నమాట. ‘ఎక్స్‌పర్ట్’ ఎంపికను తెరిచి, అనవసరమనిపించినవన్నీ తీసివేసే ఉత్సాహంలో (నేను చేసిన నిర్వాకమూ అదే) ఇదీ పోతుంది. దానిని తిరిగి పెట్టి మళ్లీ బిల్డ్ చేయాలి. అంతవరకు గ్రబ్ మెనూలో (బూట్ అయ్యేటప్పుడు కెర్నెల్‌ను ఎంచుకునే చోట) పాత కెర్నెల్‌ను తొలగించకండి.