చెవిపోటు వస్తే ఇంట్లో ఏం చేయాలి? ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి?

వేసవిలో వేసే ఎడగారు పంటకు కాలువలకు నీళ్లు వదిలారంటే మా కోవూరు చుట్టుపక్కల పల్లెల్లో పిల్లలు ఒక పట్టాన ఒడ్డెక్కరు. ఆదివారమైతే మైపాడు సముద్రం ఉండనే ఉంది. అలాంటి ఒక మే నెలలో, రాత్రి పదకొండు దాటాక, మా చిన్నవాడు చెవి పట్టుకుని ఏడుస్తూ లేచాడు. అప్పుడు వాడికి ఏడేళ్లు. మా అత్తమ్మ వెంటనే లేచి నూనెలో వెల్లుల్లి రెబ్బలు వేసి కాచింది. "ఏం కాదులే అమ్మాయ్, రెండు చుక్కలు పోస్తే తెల్లారేసరికి తగ్గిపోద్ది" అంది. తన పిల్లలందరికీ ఆమె చేసింది అదే, ఆమె ప్రేమకు వంక పెట్టలేను. పోసింది మాత్రం నేనే. తెల్లారేసరికి నొప్పి తగ్గలేదు, చెవి రంధ్రం వాచి మూసుకుపోయింది. నెల్లూరులో చెవి డాక్టర్ ఆ నూనెను, లోపలి చీమును శుభ్రం చేయడానికి రెండుసార్లు పిలిపించారు. ఆ రెండుసార్లూ వాడు నా చెయ్యి వదల్లేదు.

ఆ తర్వాత డాక్టర్లను, మా ఊరి ఏఎన్‌ఎంను అడిగి తెలుసుకున్నవి, ఇద్దరు పిల్లలకు పాటించినవి ఇక్కడ రాస్తున్నాను. మిగతావి మరిచిపోయినా ఒక్కటి గుర్తుపెట్టుకోండి: డాక్టర్ లైటు వేసి లోపల చూసేదాకా చెవిలో ఏమీ పోయకూడదు. నొప్పికి మందు నోటితో వేయాలి. కాపడం చెవి బయట పెట్టాలి.

ముందు నొప్పి ఎక్కడ పుట్టిందో చూడండి

చెవి డొప్పను మెల్లగా పైకి, వెనక్కి లాగండి. చెంప వైపు చెవి రంధ్రానికి ముందు ఒక చిన్న గట్టి బుడిపె ఉంటుంది, దాన్ని వేలితో నొక్కండి. ఇలా చేసినప్పుడు పోటు ఎక్కువైతే సాధారణంగా గొడవ చెవి గొట్టంలో ఉన్నట్టు. ఈత కొట్టి నీళ్లు నిలిచినా, పుల్లతో గీకినా వచ్చేది ఇదే. మావాడిది ఇదే రకం.

లాగినా నొక్కినా తేడా లేకుండా, రెండు మూడు రోజుల జలుబు తర్వాత జ్వరంతో పాటు పోటు మొదలైతే అది ఎక్కువగా కర్ణభేరి వెనక ఇన్ఫెక్షన్. ముక్కు వెనక భాగం నుంచి చెవి లోపలికి ఒక సన్నని గొట్టం ఉంటుంది. చిన్నపిల్లల్లో అది పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబు చేస్తే అది వాచి మూసుకుపోయి, లోపల నీరు చేరి చీము పడుతుంది. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లలకు ఇది ఎక్కువ.

మాటలు రాని బిడ్డ చెప్పలేదు కదా. పడుకోబెడితే ఏడుపు పెరిగి, ఎత్తుకుంటే తగ్గడం, పాలు రెండు గుక్కలు తాగి వదిలేయడం, జ్వరం, ఒక్కోసారి వాంతి: ఇవి చూసుకోండి. ఊరికే చెవి లాక్కుంటున్నంత మాత్రాన ఇన్ఫెక్షన్ అనుకోనక్కర్లేదు, పళ్లు వచ్చేటప్పుడు కూడా పిల్లలు అలా చేస్తారు.

పెద్దవాళ్లలో దవడ పన్ను పుచ్చినా పోటు చెవిలోకి లాగుతుంది. చుట్ట, బీడీ, ఖైనీ అలవాటున్నవాళ్లకు ఒక్క చెవే వారాల తరబడి నొప్పిగా ఉండి, చెవిలో ఏమీ కనిపించకపోతే గొంతు కూడా చూపించుకోవాలి. గొంతులో పుండు నొప్పి చెవిలో తెలుస్తుంది.

రాత్రి గడవాలంటే

అర్ధరాత్రి చెవిపోటుకు ఇంట్లో చేయగలిగిన అసలు వైద్యం పారాసెటమాల్. పిల్లలకు డోసు వయసును బట్టి కాదు, బరువును బట్టి. కిలోకు 15 మిల్లీగ్రాములు మించకూడదు. పది కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములు. సీసా మీద 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములు అని ఉంటే 3 మిల్లీలీటర్లు వేయాలి. 5 మిల్లీలీటర్లలో 120 అని ఉంటే 6 మిల్లీలీటర్లు. రెండు సీసాలూ చూడటానికి ఒకేలా ఉంటాయి, అంకె చదవకుండా వేయకండి. వంటింటి స్పూను కాకుండా సీసాతో ఇచ్చిన కొలత మూతో, సిరంజో వాడండి. డోసుకూ డోసుకూ ఆరు గంటలు ఎడం ఇవ్వండి, రోజుకు నాలుగు డోసులు దాటొద్దు. జలుబు సిరప్‌లలో కొన్నింటిలో పారాసెటమాల్ కలిసే ఉంటుంది. అది వేసి ఇది కూడా వేస్తే డోసు రెట్టింపవుతుంది. మూడు నెలల లోపు బిడ్డకు డాక్టర్‌ను అడగకుండా ఏ మందూ వద్దు. ఆస్పిరిన్ పిల్లలకు అసలు ఇవ్వకూడదు.

పెద్దవాళ్లకు 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, అవసరమైతే ఆరు గంటలకు ఇంకొకటి సరిపోతుంది. కాలేయం జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగే వేసుకోవాలి.

తర్వాత కాపడం. మన ఇళ్లలో ఉప్పు వేయించి మూట కట్టి పెడతారు. అది పని చేస్తుంది కానీ ఉప్పు లోపల ఎంత కాలుతోందో పైకి తెలియదు. పిల్లల చర్మం ఇట్టే బొబ్బెక్కుతుంది. నేను మెత్తటి నూలు బట్టను నాలుగు మడతలు వేసి, ఇడ్లీ పాత్ర మూత మీద కాస్త వెచ్చబెడతాను. ముందు నా ముంజేతి మీద పెట్టుకుని చూసి, హాయిగా ఉంటేనే వాడి చెవి చుట్టూ పది నిమిషాలు ఉంచుతాను. బట్ట పొడిగా ఉండాలి, తడి చెవిలోకి దిగకూడదు.

పెద్దపిల్లలకు, పెద్దవాళ్లకు తల కింద ఇంకో దిండు వేస్తే లోపలి ఒత్తిడి తగ్గి నిద్ర పడుతుంది. పసిబిడ్డకు దిండు పెట్టకూడదు, భుజాన వేసుకుని నిటారుగా ఎత్తుకోవడమే. నీళ్లు, పాలు కొంచెం కొంచెంగా ఇస్తుండండి.

చెవిలో ఎందుకు పోయకూడదు

వెల్లుల్లి నూనె, ఆముదం, తులసి రసం, ఉల్లిరసం, చనుబాలు. మన వైపు చెవిపోటుకు వినిపించేవి ఇవే. బయటి నుంచి చూస్తే కర్ణభేరికి చిల్లు ఉందో లేదో మనకు తెలియదు. చిల్లుంటే పోసినదంతా లోపలికి దిగుతుంది, దానితో పాటు క్రిములు కూడా. నూనె వేడి కాస్త ఎక్కువైనా లోపలి చర్మం కాలుతుంది. అన్నిటికంటే మన వాతావరణం సంగతి చూడండి. ఉక్కపోత, చెమట, అందులో నూనె జిడ్డు, తడి. బూజు పట్టడానికి ఇంతకంటే ఏం కావాలి? నొప్పి కంటే దురద ఎక్కువగా ఉండి, చెవి దిబ్బడ వేసి, లోపల తెల్లటి పొరలో నల్లచుక్కలు కనిపిస్తే అది బూజు. దానికి డాక్టర్ శుభ్రం చేసి, బూజును చంపే చుక్కలు రాయాలి. బాక్టీరియాకు వాడే చుక్కలతో అది ఇంకా పెరగవచ్చు. రొయ్యల గుంటల్లో దిగి పనిచేసేవాళ్లు చెవి దురదను తేలిగ్గా తీసుకోవద్దు.

ఇయర్ బడ్, పిన్నీసు, అగ్గిపుల్ల, కోడి ఈక కూడా వద్దు. గుబిలి చెత్త కాదు, చెవికి రక్షణ. మామూలుగా దానంతట అదే బయటికి వస్తుంది. బడ్ పెడితే సగం గుబిలి లోపలికి తోసుకుపోయి గట్టిపడుతుంది.

పురుగు దూరినప్పుడు మాత్రం సంగతి వేరు. చెవి ఎప్పుడూ కారని మనిషికి చీమో చిన్న పురుగో దూరి లోపల కదులుతుంటే, గోరువెచ్చగా కూడా కాదు, మామూలు కొబ్బరినూనె నాలుగు చుక్కలు వేస్తే అది చస్తుంది. తర్వాత డాక్టరే తీయాలి. బొమ్మల్లో ఉండే బిళ్ల బ్యాటరీ ఇరుక్కుంటే నీళ్లు, నూనె ఏదీ వేయకుండా ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అది గంటల్లో కండను తినేస్తుంది.

చీము కారుతుంటే బట్ట వత్తితో ఆరబెట్టడం

చాలామందికి తెలియని, డబ్బు ఖర్చులేని పద్ధతి ఇది. మా ఏఎన్‌ఎం చేసి చూపించింది. పోటు తీవ్రంగా ఉండి, ఒక్కసారిగా చీమో నెత్తురు కలిసిన నీరో వచ్చి నొప్పి తగ్గిందంటే కర్ణభేరికి చిన్న చిల్లు పడిందని అర్థం. భయపడకండి, ఎక్కువమందికి కొన్ని వారాల్లో అదే పూడుతుంది. అప్పటిదాకా చెవిని పొడిగా ఉంచాలి.

ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. ఉతికి ఎండలో ఆరేసిన నూలు బట్ట ముక్కను, చినగని మెత్తటి టిష్యూ అయినా సరే, దీపం వత్తిలా పేనండి. పుల్లకు చుట్టకూడదు, వత్తి ఒక్కటే. బిడ్డను ఒళ్లో పక్కకు తిప్పి కూర్చోబెట్టుకుని చెవి రంధ్రంలో మెల్లగా పెట్టండి, లోపలికి తోయొద్దు. చీము పీల్చి తడిసిన వెంటనే తీసి, కొత్త వత్తి పెట్టండి. వత్తి పొడిగా బయటికి వచ్చేదాకా ఇలా మారుస్తూ ఉండండి. రోజుకు మూడుసార్లు చేయాలి. పని అయ్యాక చెవిలో ఏదీ వదిలేయకూడదు, దూది కుక్కి ఉంచితే చీము లోపలే నిలుస్తుంది. వాడిన వత్తులు కాల్చేయండి లేదా మూతున్న చెత్తబుట్టలో వేయండి. ఇలా చేస్తూనే డాక్టర్‌కు చూపించండి. చీము రెండు వారాలకు మించి కారినా, దుర్వాసన వచ్చినా ఊరికే వదిలేస్తే వినికిడికి ముప్పు.

స్నానం, ఈత

తగ్గేదాకా కాలువ, బావి, సముద్రం అన్నీ బంద్. చెవి గొట్టం ఇన్ఫెక్షన్‌కు కనీసం వారం పది రోజులు. స్నానానికి ముందు దూది ఉండకు వాజిలీన్ రాసి చెవి మొదట్లో పెట్టి, అయిపోగానే తీసేయండి. ఇన్ఫెక్షన్ లేనప్పుడు కూడా ఈత తర్వాత తల ఒక పక్కకు వంచి నీళ్లు కారనిచ్చి, తువ్వాలు అంచుతో బయట తుడిస్తే చాలు.

డాక్టర్ చుక్కలు రాస్తే

సీసాను రెండు నిమిషాలు అరచేతుల్లో పట్టుకోండి, చల్లగా వేస్తే తల తిరుగుతుంది. పక్కకు పడుకోబెట్టి, మూడేళ్ల లోపు పిల్లలకు చెవిని కిందికి, వెనక్కి, పెద్దవాళ్లకు పైకి, వెనక్కి లాగి చుక్కలు వేయండి. ముందున్న బుడిపెను నాలుగైదుసార్లు నొక్కి ఐదు నిమిషాలు అలాగే ఉంచండి. చీము కారుతుంటే ముందు వత్తితో ఆరబెట్టాకే చుక్కలు వేయాలి. మూత తీసిన నెల తర్వాత ఆ సీసా పారేయండి. పోయినసారి మిగిలిన చుక్కలో, పక్కింటివాళ్లవో, మెడికల్ షాపులో అడిగి తెచ్చినవో వాడకండి. కర్ణభేరికి చిల్లు ఉన్నప్పుడు కొన్ని రకాల యాంటీబయాటిక్ చుక్కలు వినికిడి నరానికే హాని చేస్తాయి.

నోటి యాంటీబయాటిక్ ప్రతి చెవిపోటుకూ అక్కర్లేదు. చాలామంది పిల్లలకు రెండు మూడు రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది. డాక్టర్ "రెండు రోజులు చూద్దాం" అంటే మందు రాయలేదని టెన్షన్ పడకండి. రాస్తే మాత్రం నొప్పి తగ్గిందని మధ్యలో ఆపొద్దు.

ఆగకూడని సమయాలు

మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగొద్దు. ఆరు నెలల లోపు బిడ్డకు చెవి సమస్య అనిపిస్తే, ఏ పిల్లలకైనా జ్వరం 102 దాటితే, రెండు రోజులైనా నొప్పి తగ్గకపోతే, చీము వస్తే ఆ రోజే చూపించండి.

చెవి వెనక ఎముక మీద వాపు, ఎరుపు వచ్చి చెవి ముందుకు తోసుకొచ్చినట్టుంటే, మూతి ఒక పక్కకు పోతే, మెడ బిగుసుకుంటే, మత్తుగా పడి ఉంటే, కళ్లు తిరిగి నిలబడలేకపోతే 108కి ఫోన్ చేయండి. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు మెడికల్ కాలేజీలకు అనుబంధంగా ఉన్నవి, వాటిలో చెవి ముక్కు గొంతు విభాగం ఉంటుంది.

షుగర్ ఉన్న పెద్దవాళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని చెవిపోటు, చుక్కలు వేసినా తగ్గకుండా ఉంటే ఇన్ఫెక్షన్ ఎముకలోకి దిగుతుండవచ్చు. "వయసు కదా" అని ఇంట్లో కూర్చోబెట్టకండి.

మళ్లీ రాకుండా

పసిబిడ్డకు తలంటు పోసేటప్పుడు చెవిలో, ముక్కులో నూనె చుక్కలు వేయడం, నోటితో ఊదడం మానేయండి. సాంబ్రాణి పొగ గది నిండా పట్టించకండి. పొగ ఏదైనా, ఇంట్లో తాగే బీడీ పొగైనా సరే, పిల్లల్లో చెవి ఇన్ఫెక్షన్లను పెంచుతుంది. పాలు పట్టేటప్పుడు తల కాస్త ఎత్తులో ఉంచండి, సీసా నోట్లో పెట్టి పడుకోబెట్టొద్దు. తల్లిపాలు తాగే బిడ్డలకు ఈ బాధ తక్కువ. నిమోనియా రాకుండా వేసే పీసీవీ టీకా కొన్ని చెవి ఇన్ఫెక్షన్లను కూడా ఆపుతుంది. ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు ప్రభుత్వం ఉచితంగా వేస్తుంది.

నొప్పి తగ్గాక కూడా కర్ణభేరి వెనక నీరు కొన్ని వారాలు నిలిచి ఉండవచ్చు. ఆ రోజుల్లో బిడ్డ టీవీ సౌండ్ పెంచుతున్నా, వెనక నుంచి పిలిస్తే పలకకపోయినా మొండితనం అనుకుని తిట్టకండి. మూడు నెలలు దాటినా అలాగే ఉంటే వినికిడి పరీక్ష చేయించండి. మావాడికి మళ్లీ మామూలుగా వినపడటానికి ఆరు వారాలు పట్టింది. వంటింట్లో నుంచి మెల్లగా పేరు పెట్టి పిలిస్తే, వీధి గుమ్మం దగ్గర నుంచి "ఏందమ్మా" అని పలికిన రోజు ఆ విషయం మా అత్తమ్మకే ముందు చెప్పాను.