కానుగ చెట్టు నుంచి మొండి ఫంగస్ దాకా: ఎమ్మెస్సీ ప్రాజెక్టు ఇలా చేయండి

నల్లగొండలో అయినా పాలమూరులో అయినా ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ పిల్లలకు ప్రాజెక్టు అనగానే గుర్తొచ్చేది ఒకటే. ఏదో ఆకు నూరి మిథనాల్‌లో నానబెట్టడం, పెట్రి ప్లేటులో గుంత చేసి పోయడం, చుట్టూ ఎంత మేర ఫంగస్ పెరగలేదో స్కేలుతో కొలిచి బైండింగ్‌కు ఇచ్చేయడం. తప్పని అనను. కానీ ఆ కషాయంలో ఎన్నో పదార్థాలుంటాయి, పని చేసింది ఏదో మీకూ తెలియదు, వైవాకు వచ్చిన ఎక్స్‌టర్నల్‌కూ తెలియదు. అందుకని చెట్టు దగ్గర నమూనా మాత్రం తీసుకుని మాలిక్యూల్‌ను మనమే కట్టుకుందాం.

ఎందుకింత కష్టం అంటారా? తామర మన దగ్గర కొత్త కాదు, కానీ ఇప్పుడు వచ్చేది టెర్బినాఫిన్ అనే ఫంగస్ మందు రాసినా మింగినా పోవట్లేదు. ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే ఈ మొండి రకంలో, ఆ మందు పట్టుకునే స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ ఎంజైమ్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, మందు చేతికి పట్టు దొరకదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిపిన క్రీములు దీనికి ఇంకా దారి చేసిపెట్టాయి. క్యాండిడా అనే ఇంకో ఫంగస్ సంగతి వేరే, లోపలికొచ్చిన ఫ్లూకోనజోల్ మందును పంపు పెట్టి తోడి బయట పోస్తుంది.

నమూనాకు దూరం పోనక్కర్లేదు. రోడ్డు పక్క కానుగ గింజల్లో పొంగమాల్ ఉంటుంది, మూలికల కొట్లో దొరికే బావంచాల్లో ఐసోబావచాల్కోన్ ఉంటుంది. రెండోది చాల్కోన్, మొదటిది దానికి దగ్గరి చుట్టం. రెండు బెంజీన్ రింగులు, మధ్యలో మూడు కార్బన్ల వంతెన, అంతే. దయచేసి పసుపులోని కుర్కుమిన్ జోలికి పోకండి, అది పరీక్షలో తానే విరిగిపోతూ, తానే మెరుస్తూ లేని ఫలితం చూపించి మోసం చేస్తుంది.

తయారీ తేలికే. అసిటోఫినోన్, బెంజాల్డిహైడ్ సమాన మోల్స్ ఇథనాల్‌లో కలిపి, ఐసు గిన్నెలో పెట్టి కలుపుతూ సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం చుక్కచుక్కగా వేయండి, పసుపు ముద్ద దిగుతుంది. వడకట్టి, లిట్మస్ రంగు మారనంత వరకు చల్లటి నీళ్లతో కడిగి, ఇథనాల్‌లో మళ్లీ స్ఫటికం చేయండి. ఇక్కడ రెండు తిప్పలున్నాయి. మామూలు చాల్కోన్ 55-57 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి మే నెలలో మన ల్యాబుల్లో అది స్ఫటికం కాకుండా నూనెలా అడుగున కూర్చుంటుంది, నేనైతే చెరకు రసం బండి దగ్గర ఐసు కొనుక్కొచ్చి గట్టెక్కాను. ఇంకోటి, బెంజాల్డిహైడ్ సీసా మూతి చుట్టూ తెల్లటి పొక్కు కనిపిస్తే అది గాలికి బెంజోయిక్ ఆమ్లంగా మారిందని అర్థం. అది చూడక వాడేసి, మీరు వేసిన క్షారమంతా ఆమ్లమే తినేసి సగం కూడా రాకపోతే నన్నడగొద్దు, డిస్టిల్ చేసి వాడండి.

తర్వాత ఆల్డిహైడ్ ఒక్కటే మారుస్తూ పోండి, 4-క్లోరో, 4-ఫ్లోరో, 4-మెథాక్సీ. 4-హైడ్రాక్సీ మాత్రం క్షారంలో మొండికేస్తుంది, దాన్ని చివరికి ఉంచండి. ఒకేసారి రెండు చోట్ల మార్చారో, దేని వల్ల బలం పెరిగిందో చెప్పలేరు. చాలామంది మోజుపడి, ఫ్లూకోనజోల్‌లో ఉండే ట్రయాజోల్ రింగు తగిలిస్తారు, కానీ ఫ్లూకోనజోల్ పట్టుకునే చోటే మీదీ పట్టుకుంటే, మొండి ఫంగస్ దాన్నీ తప్పించుకోవచ్చు. మాలిక్యూల్ నిర్మాణం చూపించే ఎన్ఎంఆర్ మన దగ్గర లేకపోతే నమూనా హైదరాబాద్ పంపించండి, రిపోర్టు రాకముందు ఫంగస్ మీద వేయకండి.

పరీక్షకు 96 గుంతల ప్లేటు, 7.0 పీహెచ్ దగ్గర ఆర్‌పీఎంఐ మీడియం, అంటే ఫంగస్ పెరిగే పోషక ద్రవం. కాంపౌండ్‌ను డీఎంఎస్ఓ అనే ద్రావకంలో మిల్లీలీటరుకు 12.8 మిల్లీగ్రాములుగా కరిగించి, అదే డీఎంఎస్ఓలో సగం సగం పలచన చేసి, ఒక్కోటీ మీడియంలో వంద వంతులు చేస్తే మొదటి పది గుంతల్లో మిల్లీలీటరుకు 128 నుంచి 0.25 మైక్రోగ్రాముల దాకా వస్తుంది, అన్నిట్లో డీఎంఎస్ఓ ఒక్క శాతమే ఉంటుంది. పదకొండోది మందు లేని ఫంగస్, దాంట్లో కూడా అంతే డీఎంఎస్ఓ వేయండి. పన్నెండోది ఉత్త మీడియం. మొదట్లో నేను డీఎంఎస్ఓ ఎక్కువ పోసి, అది చంపిన ఫంగస్‌ను నా కాంపౌండ్ ఖాతాలో రాసుకుని వారం రోజులు సంబరపడ్డాను. మొండి రకం కావాలంటే క్యాండిడా క్రూసీ తెప్పించుకోండి, పుట్టుకతోనే ఫ్లూకోనజోల్‌కు లొంగదు. క్యాండిడా ఆరిస్‌ను మాత్రం మన కాలేజీ ల్యాబులోకి తేవద్దు, అది ఆసుపత్రుల్లో పాకితే తీసేయడం చాలా కష్టం. 35 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచి, పెరుగుదల ఆగిన చివరి గుంత చూడండి, అదే ఎంఐసీ, అంటే ఫంగస్‌ను ఆపే కనీస మోతాదు.

8 మైక్రోగ్రాముల దగ్గర ఆగిందని ఎగిరి గంతేయకండి. ఫంగస్ కణం మన కణానికి చుట్టమే, పైగా చాల్కోన్ వంతెన మన ప్రొటీన్లను కూడా పట్టేస్తుంది. ఎర్ర రక్తకణాలను సెలైన్‌లో కడిగి, కాంపౌండ్ కలిపి 37 డిగ్రీల దగ్గర గంట ఉంచి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి, పక్కన కణాలను పగలగొట్టే ట్రైటాన్ వేసిన ట్యూబు ఒకటి, ఉత్త డీఎంఎస్ఓ ట్యూబు ఒకటి పెట్టుకోండి. పైన తేలిన నీళ్లు ట్రైటాన్ ట్యూబులా ఎర్రబడితే దాన్ని పక్కన పెట్టేయండి. 16 దగ్గర ఆగినా సరే, నీళ్లు తేటగా ఉన్న కాంపౌండ్‌నే ముందుకు తీసుకెళ్లండి.