దూరపు కంప్యూటర్‌తో పని – 4వ పాఠం: ఫైలు పేరు మార్చడం, చోటు మార్చడం

పోయిన పాఠంలో ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరపు కంప్యూటర్‌ను ఇక్కడి నుంచే కమాండ్లతో నడిపే దారి) సర్వర్‌లోకి వెళ్లడం నేర్చుకున్నాం. ఇప్పుడు అక్కడున్న ఫైళ్లను సర్దుదాం. ఉదాహరణ మన పాతదే: చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసు, ముంబైలో అద్దెకు తీసుకున్న లినక్స్ సర్వర్. బ్లాక్ గెలాక్సీ స్లాబుల ఫోటోలు రోజూ అక్కడికి ఎక్కుతున్నాయి. పేర్లు మాత్రం ఫోన్ పెట్టినవే, ఐఎంజీ_2041 లాంటివి. కొనే పార్టీ రాతి బ్లాక్ నంబరు చెప్పి ఫోటో అడిగితే ఎవరు వెతుకుతారు?

ఫోటోలన్నీ దించుకుని, పేర్లు మార్చి, మళ్లీ ఎక్కించేవాళ్లున్నారు. వట్టి దండగ పని. అక్కడే మార్చేయొచ్చు. ముందు పీడబ్ల్యూడీ కొట్టి ఏ ఫోల్డర్‌లో ఉన్నారో, ఎల్‌ఎస్ కొట్టి అందులో ఏమున్నాయో చూసుకోండి. తర్వాత ఎంవీ (మూవ్, అంటే జరపడం) కమాండ్ ఇలా కొట్టండి (ఇక్కడ తెలుగులో రాస్తున్నా, మీరు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టాలి):

ఎంవీ -ఐ ఐఎంజీ_2041.జేపీజీ గెలాక్సీ_118.జేపీజీ

పేరు మారింది. ఇక ఎగుమతి అనే ఫోల్డర్‌లోకి పంపాలంటే:

ఎంవీ -ఐ గెలాక్సీ_118.జేపీజీ ఎగుమతి/

రెండింటికీ కమాండ్ ఒకటే. ఎందుకంటే ఇది మన స్టాకు రిజిస్టర్ లాంటిదే: యార్డులో స్లాబు కదలదు, రిజిస్టర్‌లో ఆ వరస మాత్రమే కొట్టేసి ఇంకోచోట రాస్తారు. ఫైలూ అంతే. అందుకే ఒకే డిస్కులో అయితే ఎంత పెద్ద వీడియో అయినా క్షణంలో వెళ్లిపోతుంది.

చివర ఆ ఏటవాలు గీత (/) ఎందుకంటారా? ఈ పాఠంలో అసలు సంగతి అదే. ఎగుమతి అనే ఫోల్డర్ లేదనుకోండి, గీత పెట్టలేదనుకోండి. ఎంవీ ఏమీ అడగదు, ఫోటో పేరునే "ఎగుమతి" అని మార్చేస్తుంది. -ఐ కూడా లేకుండా ఒక్కొక్కటిగా పది ఫోటోలు అలా పంపితే ఒకదాని మీద ఒకటి పడి చివరిదే మిగులుతుంది. మిగతా తొమ్మిదీ పోయినట్టే, ఇక్కడ రీసైకిల్ బిన్ లేదు. గీత ఉంటే అలాంటి ఫోల్డర్ లేదని మొహాన చెప్పి ఆగిపోతుంది. అలాగే -ఐ పెడితే, ఆ పేరుతో ఇంకో ఫైలు ఉన్నప్పుడు "దాని మీద రాయమంటారా?" అని అడుగుతుంది. వై కొడితేనే రాస్తుంది. ఈ రెండూ చేతికి అలవాటయ్యేదాకా వేరే కమాండ్ల జోలికి వెళ్లకండి.

పేరులో ఖాళీ ఉంటే మొత్తం పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి. ఇంగ్లీషు పెద్దక్షరాలు, చిన్నక్షరాలు లినక్స్‌కు వేరువేరు.

చేరాల్సిన ఫోల్డర్ ఇంకో డిస్కులో ఉంటే కథ మారుతుంది. అప్పుడు ఎంవీ ముందు కాపీ చేసి, తర్వాత పాతదాన్ని తీసేస్తుంది, కాబట్టి టైం పడుతుంది. మధ్యలో మన ఆఫీసులో కరెంటు పోయి కనెక్షన్ తెగితే మామూలుగా ఆ పని కూడా ఆగిపోతుంది. టెన్షన్ పడొద్దు, ఒక్క ఫైలే పంపుతుంటే పాతది అలాగే ఉంటుంది. కొత్త చోట సగం ఫైలు పడి ఉంటుంది, దాన్ని తీసేసి మళ్లీ మొదలుపెట్టండి. పెద్ద ఫైళ్లయితే సర్వర్‌లో టీమక్స్ అనే ప్రోగ్రాం తెరిచి అందులో నడిపించండి, కనెక్షన్ తెగినా సర్వర్‌లో పని సాగుతూనే ఉంటుంది.

నల్ల తెర అంటే భయపడేవాళ్లకు ఫైల్‌జిల్లా ఉంది, మౌస్‌తో ఫైళ్లు పంపే ప్రోగ్రాం. కుడివైపు, అంటే సర్వర్ వైపు, ఫైలు మీద ఎఫ్2 నొక్కితే పేరు మార్చొచ్చు. కుడివైపునే ఒక ఫోల్డర్ నుంచి ఇంకోదాంట్లోకి లాగితే చోటు మారుతుంది. పొరపాటున ఎడమవైపుకు లాగారా, డౌన్‌లోడ్ మొదలవుతుంది. ఎఫ్‌టీపీలో (ఫైళ్లు పంపే పాత పద్ధతి) అయితే పైన లాగ్, అంటే సర్వర్‌తో జరిగే మాటల చిట్టా, గమనించండి: ఆర్‌ఎన్‌ఎఫ్‌ఆర్ అని పాత పేరు వెళ్తుంది, సర్వర్ 350 (సరే, మిగతాది చెప్పు) అంటుంది, ఆర్‌ఎన్‌టీఓ అని కొత్త పేరు వెళ్తుంది, 250 వస్తే పని అయినట్టు. 1985 నాటి ఎఫ్‌టీపీ పత్రంలో రాసిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది.

వచ్చే పాఠానికి ముందు ఒక పని చేయండి. సర్వర్‌లో ప్రాక్టీస్ అనే ఫోల్డర్ పెట్టి, అవసరం లేని రెండు ఫోటోలు అందులో వేసి, రెండోదానికి -ఐ తో మొదటిదాని పేరే ఇచ్చి చూడండి. అది అడిగిన ప్రశ్నకు ఎన్ కొట్టి, ఎల్‌ఎస్‌లో రెండూ ఉన్నాయో లేదో సరిచూసుకోండి. వందల ఫోటోల పేర్లు ఒకేసారి మార్చడం 5వ పాఠంలో.